గీతవృత్తియు, త్రాగుడు వ్యసనమును



మన సభల సంచికలయందు కులచరిత్రమును గూర్చియు, విద్యావ్యాప్తిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు వ్యాసములు విరివిగా వెలువడుచుండును. కల్లును గూర్చి వ్రాయవలసి వచ్చినప్పుడు మాత్రము మనవారి కలములు చెట్టుపన్ను కడనో, వేలముపాట కడనో ఆగిపోవును. త్రాగి త్రాగి, ఇక మానుకొనలేక చెడిపోవుచున్న మనుష్యుని గూర్చి మనము వ్రాయము. కల్లు గీచి అమ్మి బ్రదుకువారము గనుక ఆ ప్రసంగము మనకు ఇబ్బందిగా నుండుట సహజమే. కాని ఆ మనుష్యుడు పరాయివాడు కాడు. మన దుకాణమున కూర్చుండువాడు, మన యింట పుట్టినవాడు, మోకు ముస్తాదులతో మన ప్రక్కచెట్టు నెక్కువాడు. తెల్లవారుజామున చెట్టెక్కి, ఎండలో దిగి, అలసట తీర ముంతెడు పుచ్చుకొనుట గీతకానికి తరతరముల వాడుక. ఆ ముంత యొకటి నాలుగై, నాలుగు సారాగా మారినచో పట్టుతప్పునది మనవాని కాలే.

ఈ వ్యాసమున నేను చెప్పదలచిన విషయ మొక్కటే. నూరేండ్లకు పైగా ఈ దేశమున త్రాగుడును గూర్చి జరిగిన చట్టములును, ఉద్యమములును, తగవులును కుండచుట్టును దుకాణముచుట్టును దిరిగినవి. త్రాగువాని నెరిగి, వానితో నిలిచినవారు ఎక్కడ నుండిరో అక్కడనే వ్యసనము తగ్గినది. గీతకాడు ఒకప్పుడట్లు ఎరిగినవాడు. ఆ యెరుక మనకెట్లు పోయెనో చూడవలసి యున్నది.

ముందు వస్తుతత్త్వము. పోతుతాటి గెలను కోసి కట్టిన లొట్టిలో పడునది తీపినీరు. అందు మత్తు లేదు. లొట్టిలోను గాలిలోను ఉండు ఈస్టు అను సూక్ష్మజీవి సోకగా ఆ తీపి కొన్ని గంటలలో పులిసి కల్లగును. లొట్టి లోపల సున్నము పూసినచో పులియదు; అదియే నీరా. పులిసిన కల్లులో నూటికి నాలుగైదు పాళ్లకు మించి మత్తుపదార్థ ముండుట అరుదు. బట్టీపెట్టి దించిన సారాలో దానికి అనేకరెట్లుండును. ఈ భేదము వాస్తవమే. దీనిని పట్టుకొని మన ఉపన్యాసకులు కల్లు ఆహారమనియు, సారాయే విషమనియు చెప్పుదురు. కల్లులో బలమిచ్చు గుణములు కొన్ని కలవనుట నిజమే గాని, పలుచనిది గదా యని ప్రొద్దుటినుండి ప్రొద్దుగ్రుంకువరకు త్రాగువాని కాలేయమునకు ఆ భేదము తెలియదు. కడుపులోనికి బోయిన మత్తుపదార్థపు మొత్తమే లెక్క.

మన ప్రాచీనులు ఈ సంగతి నెరుగనివారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను ఉద్యోగి కలడు. ఎరిగియున్నవానికి, నడవడి మంచిదని పేరున్నవానికి మాత్రమే కొలతప్రకారము ఇంటికి తీసికొనిపోనీయవలెనని అందు నియమము. రాబడిని జూచు శాస్త్రమే అయినను, అమ్మువాడు కొనువాని నెరిగి యుండవలె నన్నది. ఇక వైద్యమునకు వచ్చిన, చరకసంహితలో మదాత్యయమునకు ప్రత్యేకముగా ఒక చికిత్సాధ్యాయమే యున్నది. మానియుండి మరల ఒక్కపెట్టున విపరీతముగా త్రాగిన వానికి కలుగు ధ్వంసకము, విక్షయము అను వికారములుకూడ అందు చెప్పబడినవి. మానినవాడు మరల పడిపోవుట అంత ప్రాచీనమైన సంగతి. పాశ్చాత్యులలో ఆంగ్ల నౌకాదళ వైద్యుడు థామస్ ట్రాటరు 1804లో త్రాగుడు వ్యసనము మనస్సునకు బట్టిన వ్యాధియని గ్రంథము వ్రాసెను. ఆల్కహాలిజము అను పేరును 1849లో పెట్టినవాడు స్వీడను దేశపు వైద్యుడు మాగ్నసు హూసు. ఇరుపక్షముల వైద్యులును రోగమన్నదానిని ఊరివారు మాత్రము ఉభయత్ర పాపమనియే పిలిచిరి.

పల్లెలో కల్లమ్ము గీతకానికి ప్రతి గిరాకిదారుని గడపయు తెలియును. ఎవడు సంతనాడు మాత్రమే వచ్చునో, ఎవడు కూలిడబ్బు చేతబడగానే పరుగెత్తి వచ్చునో, ఎవని భార్య పుస్తెలు తాకట్టుపడినవో అతనికి తెలియనిది లేదు. ఆ కాలమంతయు ధర్మయుగమని నేననను. అప్పు పెట్టి త్రాగించిన వారును ఉండిరి. అయినను సిగ్గను కళ్లెమొకటి ఇరువైపుల నుండెను; త్రాగించినవాడు మరునాడు అదే వీధిని నడువవలెను గదా.

ఈ కళ్లెమును తెంపినది అబ్కారీ పద్ధతి. చెన్నపురి రాజధానిలో 1886వ సంవత్సరపు 1వ చట్టముతో అది స్థిరపడెను. గీయు ప్రతిచెట్టునకును అంకె వేసి పన్ను కట్టించుకొనుట ఒకటి, దుకాణపు హక్కును వేలము వేయుట రెండవది. నైజాము రాజ్యమునను పేర్లు వేరుగాని అబ్కారీ రాబడి ఖజానాకు ముఖ్యాధారమే. వేలములో హెచ్చుపాట పాడినవాడు ఆ సొమ్మును ఏడాదిలో రాబట్టుకొనవలెను. అనగా, త్రాగువాడు తక్కువ త్రాగుట వానికి నష్టము. మితముగా త్రాగు పదిమందికంటె మితము దప్పిన యిద్దరు వానికి ఎక్కువ లాభము. చెట్టెక్కువాడు కూలియయ్యెను, అమ్మువాడు పరవూరి గుత్తేదారుని గుమాస్తా యయ్యెను. త్రాగువాని నెరిగినవాని చేతిలో అమ్మకము లేదు. అమ్మకము చేతిలో నున్నవానికి త్రాగువానిని ఎరుగవలసిన పని లేదు. మన కులము ఈ పద్ధతివలన పొందిన దారిద్ర్యమును గూర్చి కావలసినన్ని వ్యాసములు వచ్చినవి. త్రాగువానికి జరిగిన కీడును గూర్చి ఈ మాటయైనను చెప్పకున్న చరిత్ర సగమే యగును.

1921 నాటి సహాయనిరాకరణమున దుకాణముల యెదుట పికెటింగు జరుగుట పెద్దలెల్ల రెరిగినదే. ఆ కాలముననే మలయాళదేశమున శ్రీనారాయణగురువు తన ప్రజలకు మద్యము చేయరాదు, ఇయ్యరాదు, త్రాగరాదని సందేశ మిచ్చెను. ఆయన ప్రజలలో కల్లుగీత వృత్తిగా గలవారు అనేకులు. వృత్తిలో నున్నవారితో వారి గురువే ఈ మాట పలుకుట సామాన్యమైన సాహసము కాదు. మన ఆంధ్రదేశమున అట్టి మాట కులము లోపలనుండి అంత గట్టిగా రాలేదు. మనపెద్దలు వృత్తిరక్షణమునే ముందుంచుకొనిరి. పొట్టకూటి విషయమున వారిని తప్పుపట్టుట సులభము. వేయి కుటుంబములకు మరియొక జీవనము చూపుట సులభము కాదు.

చక్రవర్తి రాజగోపాలాచార్యులవారి మంత్రివర్గము 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించెను. మరుసటి యేడు మన చిత్తూరు, కడప జిల్లాలకును అది వచ్చెను. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను పుట్టినది. నిషేధము పలుమార్లు పోయి వచ్చినను ఆ పన్ను మాత్రము పోలేదు! యుద్ధకాలమున సడలిన నిషేధము 1948 అక్టోబరు 2 నాటికి రాజధాని యంతటను వ్యాపించెను. వృత్తి పోయిన గీతకాండ్రకు తీపికల్లు దించి బెల్లము వండుకొనుటకు అనుమతి లభించినది. బెల్లపు ధర కూలికి చాలకపోవుట, సున్నపుకుండ లేదని కేసులు పెట్టుట, చాటుసారా పెరుగుట ఆ కాలపు కథ. కొన్ని యిండ్లలో కూలిడబ్బు కూటికి చేరెననియు ఒప్పుకొనవలెను. నిషేధమువలన మేలే జరుగలేదనుట మన వృత్తిపక్షపాతము.

ఆంధ్రరాష్ట్ర మేర్పడిన యేడాదికే ఈ విషయము ప్రభుత్వమును పడగొట్టెను. నిషేధమును విచారించుటకు వేసిన రామమూర్తి సంఘము దానిని ఎత్తివేయవలెనని సూచించినను, టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము సమ్మతింపలేదు. సర్దారు గౌతు లచ్చన్నగారు గీతకార్మికుల పక్షమున నిలిచిరి. 1954 నవంబరులో శాసనసభలో అవిశ్వాసతీర్మానము ఒక్క వోటు ఆధిక్యముతో నెగ్గి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము కూలినది. లచ్చన్నగారు గాంధీమార్గమున చెరసాలకేగిన దేశభక్తులు. ఆయన కోరినది త్రాగుడు కాదు, గీతకాని కూడు. ఈ విజయమును మనము ఏటేట స్మరించుకొందుము, స్మరింపదగినదే. అయితే నాటి వాదములలో ఒకపక్షము చట్టమనెను, మరియొకపక్షము వృత్తి యనెను, ఖజానా రాబడి యనెను. మానదలచియు మానలేనివాని మాట ఆ తగవులో ఎవరికిని పట్టలేదు. 1960ల చివరికి నిషేధము ఎత్తివేయబడినప్పుడును పట్టలేదు.

అటుపిమ్మట వచ్చినది సారాయుగము. 1970–71లో ఆంధ్రప్రదేశ్‌కు అబ్కారీవలన వచ్చినది సుమారు 39 కోట్ల రూపాయలు. 1991–92 నాటికి అది 800 కోట్లు దాటెను. వారుణివాహిని పేరిట పొట్లములలో సారా గ్రామగ్రామమునకు చేరెను. పొట్లమునకు దుకాణముకూడ అక్కరలేదు, కిరాణా కొట్టులోనైనను దొరకును, అంగీజేబులో నిముడును. చెట్టు, లొట్టి, గీతకాడు, ఋతువు అను పాత హద్దులన్నియు దానితో తొలగిపోయెను. తాటిచెట్టు ఏడాది పొడుగున కల్లియ్యదు. పొట్లమునకు ఋతువు లేదు.

ఆ పొట్లమునకు ఎదురు నిలిచిన గ్రామము నెల్లూరు జిల్లా కలిగిరి మండలములోని దూబగుంట. రాత్రిబడులలో అక్షరములు నేర్చుకొనుచున్న కూలిస్త్రీలు పాఠములోని సంగతులను తమ బ్రదుకులతో పోల్చుకొని, ఊరిలో త్రాగుడు అమ్మకము సాగనీయమని పట్టుబట్టిరి. వర్ధినేని రోశమ్మగారి పేరు అప్పుడే లోకమునకు దెలిసినది. మనకు ముఖ్యమైన సంగతి యొకటి ఇందు కలదు. ఆ గ్రామగాథ తరువాత అక్షరాస్యతా వాచకములో పాఠముగా చేరినది. దాని ప్రకారము సారాజీపుకంటె ముందు వెనుకకు మరలినది కల్లుబండి. బండివానిని కల్లు పారబోయుమని చెప్పి, నీకు నష్టము వచ్చినచో మేము తలకింత వేసికొని యిత్తుమని ఆ స్త్రీ లనిరట. కూలి చేసికొని బ్రదుకు ఆడువారు అమ్మువాని నష్టమును తమ నష్టముగా నెంచిరి! నూరేండ్ల అబ్కారీ చరిత్రలో ఏ ప్రభుత్వమును ఏ సంస్కర్తయు మన గీతకానితో పలుకని మాట అది. ఆ మాట తెలిసియు ఆ యుద్యమము మన వృత్తికి శత్రువని కొందరు మనవారు అనుట న్యాయముగా లేదు.

1992లో ఉద్యమము జిల్లాలు దాటెను, సారాపాటలు జరుగక మరల మరల వాయిదాపడెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ నిషేధమును దెచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఈ రెండేండ్ల నిషేధము ఏల నిలువలేదన్న ప్రశ్నకు పొరుగు రాష్ట్రముల సరకు, ఖజానాలోటు అని ఆర్థికవేత్తలు చెప్పు సమాధానములు సత్యములే. నాకు తోచున దింకొకటి. దూబగుంటలో స్త్రీలు దుకాణమును మూయించుటతో ఊరకుండలేదు. ప్రతి సాయంకాలము తమయింటి మగవాడు ఎక్కడ నున్నాడో కనిపెట్టి యుండిరి. చట్టము వచ్చినపిదప ఆ కాపలా పోలీసువానికి అప్పగింపబడెను. భార్యకు దెలిసినట్లు పోలీసువానికి ఆ మగవాడు తెలియడు.

ఇప్పుడు మన వృత్తికి మాయనిమచ్చ తెచ్చిన సంగతిని చెప్పక తప్పదు. చెట్లు తగ్గిపోయి గిరాకి తగ్గనిచోట క్లోరల్ హైడ్రేటు, డయజిపాము, ఆల్ప్రజోలాము వంటి మందులు కలిపిన నీటిని కల్లని అమ్ముట తెలంగాణములో పలుతావుల నడచినది. 2015లో ప్రభుత్వము కల్తీపై దాడులు చేయగా సరకు ఒక్కసారిగా నిలిచిపోయెను. వెంటనే మహబూబునగరము, నిజామాబాదు మొదలగు జిల్లాలలో కల్లుకు అలవాటుపడినవారు వణకుచు, మూర్ఛలుపోవుచు, పిచ్చిమాటలాడుచు ఆసుపత్రులకు బారులు తీరిరి. ప్రాణములు పోయినవారును ఉన్నారని పత్రికలు వ్రాసినవి. ఆ జనమును చూచినచో కల్లని మనము పోసినదేమో, అది వారి శరీరములను ఎంతగా పట్టుకొన్నదో తెలియును. అమ్మినవారిలో మన కులమువారు లేరని ప్రమాణము చేయగలవా రెవరు?

ఈ సంఘటనము అసలైన మద్యమునకును వర్తించు పాఠము నిచ్చుచున్నది. చిరకాలము ప్రతిదినము అతిగా త్రాగినవాని నరములు మత్తునకు ఎదురుగా తమను తాము బిగించుకొని యుండును. మత్తు హఠాత్తుగా పోయినచో ఆ బిగింపు మాత్రమే మిగులును. మొదటిదినమున వణకు, చెమట, నిద్రలేమి. ఒకటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండుమూడు దినములలో కొందరికి లేనివి కనబడును, వినబడును. తన యింటివారినే గుర్తింపరు. పల్లెలలో దీనిని గాలిసోకినదని భూతవైద్యునికి జూపుదురు. చేయి వణకుట దైవశిక్ష యని సంతోషించువారును కలరు. ఇది ప్రాణాపాయ స్థితి. కావున ప్రొద్దున లేవగానే చేయి వణకి, త్రాగిన గాని వణకు తీరనివానిని గుడిలో ప్రమాణము చేయించి యింట పెట్టి తాళము వేయుట మిక్కిలి ప్రమాదకరము. వానిని వైద్యుని కడకు తీసికొనిపోవలెను. మూర్ఛలు రాకుండ కొన్నిదినములు తగ్గించుచు నిచ్చు మందులు కలవు. బి1 విటమిను ఈయకున్న మెదడునకు శాశ్వతమైన చెరుపు గలుగునని వైద్యులు మొదటనే దానిని ఇత్తురు. అంతగా ముదరనివాడు కొలత తగ్గించుకొనుచు, కొన్నిదినములు విరామమిచ్చుచు దారికి రావచ్చును. ముదిరినవానికి పూర్తిగా మానుటయే క్షేమము. ఈ యిద్దరిని ఒకే త్రాసున తూచి, ఒకే ఉపన్యాసమిచ్చుట మన సభలలో అలవాటు.

శరీరము వారమునకు కుదుటబడును; అలవాటు అట్లు కాదు. సాయంకాలము, కూలిడబ్బు, జత, దుకాణమునకు బోవు దారి, ఇంటిలో తగవు, ఒళ్లునొప్పి, ఇవియన్నియు చేరి త్రాగుడును పిలుచును. వీనిలో రెండు మూడింటినైన మార్చక మనస్సును మాత్రము గట్టిచేసికొమ్మనుట వట్టిమాట. 1935లో అమెరికాలోని ఆక్రను నగరమున త్రాగుడుచే చెడిన షేర్ల వ్యాపారి యొకడు తనవంటివాడే యైన శస్త్రవైద్యుని కలసికొనెను. ఒకరికొకరు తమ కథ చెప్పుకొనుటతో మొదలైన ఆ సంఘము నేడు దేశదేశములలో కలదు. మన పట్టణములలోను వారి కూటములు జరుగుచున్నవి. అందు ఉపదేశకుడు లేడు, జరిమానా లేదు. త్రాగి మానినవాడు త్రాగుచున్నవానిని ఎరిగి పలుకరించుటయే వైద్యము. చెన్నపురిలో 1980లో శాంతి రంగనాథన్‌గారు స్థాపించిన టి.టి. రంగనాథన్ సంస్థ ఆసుపత్రితో ఆగక, తంజావూరు సీమలోని మంజక్కుడి వంటి గ్రామములలోనే చికిత్సాశిబిరములు పెట్టినది. రోగిని ఊరినుండి వేరుచేయక, ఊరివారిని కుటుంబమును చికిత్సలో చేర్చుకొనుట అందలి విశేషము.

ఇట్టివి మన సంఘములకు శక్తికి మించినవి కావు. కులపంచాయతులు త్రాగుబోతునకు తప్పువేయుట, బంతిలో కూర్చుండనీయకుండుట పాతకాలమునుండి యున్నది. తప్పుసొమ్ము కట్టినవాడు ఆ దుఃఖములో మరింత త్రాగుటయు, బంతినుండి వెలివేయబడినవాడు దుకాణపు బంతిలో చేరుటయు పెద్దలందరు చూచినదే. మన శాఖాసంఘములు ఆ తప్పు పద్ధతిని మానవలెనని నా మనవి. ప్రతి శాఖలోను త్రాగి మానిన ఇద్దరు ముగ్గురిని గుర్తించి, వారానికొకసారి వారిని కూర్చుండబెట్టి, మానదలచినవారిని వారికి అప్పగింపవచ్చును. వసతిగృహనిధివలె చికిత్సకు కొంత నిధి ఏర్పరచి, ఆసుపత్రిలో నున్న దినములకు ఇంటికి కూలి ఇయ్యవచ్చును. కూలి పోవునను భయముననే అనేకులు వైద్యునికడకు పోరు.

వృత్తి విషయమున మూడు మాటలు. కల్తీ చేయువానిని పోలీసులు పట్టుకొనకముందే సంఘము పట్టుకొని, వాని సభ్యత్వమును తీసివేయవలెను. ఇది త్రాగుబోతునకు వేసిన తప్పువంటిది కాదు. వాడు రోగి, వీడు విక్రేత. రెండవది, వణకుచేతులతో ప్రొద్దుననే వచ్చువానికి పోయుచునే యుండక, వాని యింటికి కబురంపుట గీతకాని ధర్మమని మన నియమావళిలో చేర్పవలెను. సొసైటీ దుకాణములు మనవారి చేతిలో నున్నచోట గుత్తేదారుని సాకు మనకు లేదు. మూడవది నీరా. 2023లో హైదరాబాదున హుస్సేనుసాగరపు గట్టున తెలంగాణ ప్రభుత్వము నీరాశాలను తెరచినది. సున్నపుకుండకు బదులు నేడు చల్లనిపెట్టెలు వచ్చినవి. చెట్టునుండి దుకాణమువరకు చలువ తప్పకుండ చేర్చుటయే యిందలి కష్టము. 1937 నాటి బెల్లమువలె దీనిని కూడ కూలి గిట్టని పనిగా వదలిన, గీతకాడు మరల పులిసిన కుండవద్దకే వచ్చును. ధర నిర్ణయమునందు గీతకాని పాలు ఎంతయో ముందుగా తేల్చుకొనుటకు మన ప్రతినిధులు ప్రభుత్వముతో మాటాడవలెను.

శాఖాసంఘముల కార్యదర్శులు తమ తమ గ్రామములలో మానదలచినవారు ఎందరో, త్రాగి మానినవారు ఎవరో విచారించి, పేర్లను సభలో చదువక, లెక్కను మాత్రము వచ్చు కార్యవర్గ సమావేశమునకు తెత్తురుగాక.